రెడ్ ఆక్సైడు

ఏప్రిల్లో కాలవలు కట్టేశాక
లొల్ల లాకుల తలుపులకి రంగేసేది నేనే.
ముందు ఇనప బ్రష్షుతో తుప్పు గోకాలి,
తరవాత రెడ్ ఆక్సైడు, రెండు పూతలు.
ఇరవయ్యొక్క ఏళ్ళ లష్కరు పని.
తుప్పంటే ఏంటో నాకొకరు చెప్పాలా
అనుకునేవాణ్ణి,
కాకినాడలో ఆ డాక్టరమ్మ ముందు కూచునేదాకా.

మా తమ్ముడు చిట్టియ్య కుడి మూత్రపిండంలో
నిమ్మకాయంత గడ్డ.
ఆవిడ గడ్డ గురించి అడగలేదు.
చొక్కా విప్పమంది, నన్ను.
భుజం మీద కందిగింజల్లాంటి పొక్కులు.
పుష్యమాసంలో కాలవలోకి దిగితే
సూదుల్లా గుచ్చేవి.
మా అమ్మ పల్లాలమ్మకీ ఉండేవి.
"అమ్మకి గర్భసంచి తీశారా?"
తీశారండి. ఇరవై తొమ్మిదో ఏట. గడ్డలని.
"మేనమామలు?"
ఒక్కడేనండి, తాతబాబు. నడుం నొప్పన్నాడు.
పడవలోకి ఇసుక మోసిన నొప్పనుకున్నాం.
దాళ్వా కోతలకి లేడు.

మందుల చీటీ వెనక చక్రం గీసింది.
ప్రతి కణంలోనూ ఇలాంటిదొకటి తిరుగుతుందట,
తిన్న అన్నాన్ని సత్తువ చేస్తూ.
దాని పళ్ళకి అందరికీ రెండేసి అచ్చులు.
మా ఇంట్లో ఒక అచ్చు పుట్టుకతోనే విరిగింది.
రెండోది ఏ కణంలో విరిగితే
అక్కడ చక్రం మొరాయిస్తుంది,
ఒక పులుపు పేరుకుంటుంది.
ఫ్యూమరేట్ అంది.
పేరుకుంటే ఏమవుద్దండీ?
"మీ లాకుల దగ్గర గుర్రపుడెక్క పేరుకుంటే?"
తలుపు దిగదండి, అన్నాను.
ఆవిడ పెన్ను ఆపి నా వంక చూసింది.

కణంలో ఓ కాపలావాడున్నాడు.
పేరు చెప్పింది, నా నోరు తిరగలేదు.
రంగుల మేస్త్రీ ఒకణ్ణి చెయ్యి పట్టుకుని
పని లేని రోజుల్లో
వచ్చినవాణ్ణి వచ్చినట్టే మాయం చెయ్యడం వాడి ఉద్యోగం.
తుప్పు పడుతున్నప్పుడు మాత్రం వదిలేస్తాడు.
మేస్త్రీ లోపలి గదికెళ్ళి
జన్యువుల్ని తట్టి లేపుతాడు,
రంగు కలపండ్రా, బ్రష్షులు తియ్యండ్రా, అని.
తుప్పు వదిలాక మళ్ళీ పట్టుకుంటాడు.
మా నీళ్ళ వంతుల్లాగే, అదో లెక్క.

ఇప్పుడు కాపలావాడి వేళ్ళకి
ఆ పులుపు జిగురులా అంటుకుంది.
మేస్త్రీని పట్టలేడు.
రాత్రీ పగలూ రంగు పడుతూనే ఉంది
గడ్డ మీద.

రావులపాలెం మందుల కొట్టులో
అరవై బిళ్ళల సీసా కొని తెచ్చాను,
మీద యాంటీఆక్సిడెంట్లని రాసుందని.
తమ్ముడికి పెడదామా అని సంచీలోంచి తీశాను.
ఆవిడ తిప్పి తిప్పి చూసి
మళ్ళీ నా చేతిలోనే పెట్టింది.
"గడ్డకి వీటి కరువు లేదు."

బస్సులో జొన్నాడ వంతెన దాటుతుంటే
సీసా మోకాళ్ళ మధ్య గలగలమంది.
తుప్పట్టి రాలిపోవాల్సిన కణాన్ని
మంచివనుకున్నవే కాపు కాస్తున్నాయి.
రంగుని అనేదేముంది.
మంచి తలుపో, చెడ్డ తలుపో, దానికెవరు చెప్పారు?

నా రక్తం తీశారు. అనుకున్నదే వచ్చింది.
ఇక మా లిఖితది తియ్యాలి, పదకొండేళ్ళు.
బొమ్మా బొరుసే అంది డాక్టరమ్మ.
ఉంటే ఏడాదికోసారి స్కానింగు,
కందిగింజంత ఉన్నప్పుడే దొరకాలి.

ఇవాళ నీళ్ళు లేని కాలవలో
గేజి రాయి మొదలంటా కనపడుతోంది.
లిఖిత మెట్లు దిగి
అంకెలు కింద నించి పైకి చదువుతోంది.
నాలుగు దగ్గర ఆగి నాచు గోకుతోంది గోటితో.
"నాన్నా, తలుపు కింద అంచుకి రంగెయ్యలేదేం?"
నా చెయ్యి అందదే, అన్నాను.
ఏదీ, నీ చెయ్యి చాపు.
మోచేతి మడత దాకా చాపింది.
అక్కడ సన్నటి నీలిగీత.
చూసి, చూసి,
బ్రష్షిచ్చాను.